రాసిస్తేనే చెల్లే మాట

“రాసివ్వమ్మాయ్, చదువుతాను,” అన్నాడు ఫోనులో కంచుకంఠం.

ఆపరేటరమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఏడుపు కాదు, అమ్మోనియా. ఆమె వెనకాల మెషిన్ రూములో, నడుం ఎత్తున ఉన్న, గోదాము గదుల్ని చల్లబరిచే గ్యాసు పైపు అతుకులోంచి తెల్లటి పొగ బుస్సుమని ఎగదన్నుతోంది. గోడకవతల ప్యాకింగ్ హాల్లో నలభై రెండు మంది ఆడవాళ్ళు బఠానీలు సంచుల్లో నింపుకుంటున్నారు. గ్యాసు లీకైతే చెవులు చిల్లులు పడేలా కూయాల్సిన సైరన్ నోరు మూసుకుని కూర్చుంది.

అప్పటికే ఆమె ప్యాకింగ్ హాలుకి ఫోను చేసింది. “మైకులో రాలేదుగా అక్కా,” అని సూపర్‌వైజర్ పెట్టేశాడు.

“బాబాయ్, గ్యాసు లీకైంది. రాత తర్వాత. నేనేదంటే అది మైకులో అను.”

“అది కాదమ్మాయ్, రూలు ప్రకారం...”

“నీ రూలు తగలెయ్య. అను.”

“నీ రూలు తగలెయ్య,” అంది గోదామంతటా మైకు.

ఈ కోల్డ్ స్టోరేజీలో ఒక పద్ధతి ఉంది. ఆరేళ్ళ కిందట ఆపరేటరమ్మ కొత్తగా చేరినప్పుడు, కంప్రెసర్ ఆపుతున్నాం గదుల తలుపులు తెరవకండి అని తనే మైకులో చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. క్యాంటీన్ వాళ్ళేదో చెబుతున్నారనుకున్నారట. అవే మాటలు గేటు పక్కన మైకు గదిలో ఉండే పెద్దాయన చెబితే, లోడింగ్ వాళ్ళు సిగరెట్లు పారేసి నిటారుగా నిలబడ్డారు. ఆయన గొంతు అలాంటిది. కంచుకంఠమన్న పేరు ఊరికే రాలేదు.

దాంతో మేనేజర్ రూలు పెట్టాడు. ఆపరేటరమ్మ ఏం చెప్పదలుచుకున్నా చీటీ మీద రాసివ్వాలి, కంచుకంఠం చదవాలి. చీటీ పుస్తకంలో కార్బన్ పెట్టి నకలు ఉంచాలి. “ఆడవాళ్ళ మాట కదా, రేపు నేనలా అనలేదంటారు. కాగితముంటే మంచిది,” అని నవ్వాడు. కంచుకంఠం నవ్వలేదు. రూలంటే రూలే అనుకునే మనిషి. ఒక్కళ్ళకే ఎందుకులే అని, తన గదికి ఏ కబురొచ్చినా చీటీ రాయడం మొదలుపెట్టాడు. టీ ఆలస్యమవుతుందని క్యాంటీన్ వాళ్ళు చెప్పినా సరే, టైము వేసి, చెప్పినవారి పేరు వేసి, కార్బన్ పెట్టి మరీ రాసేవాడు.

ఆపరేటరమ్మ కూడా పని జరిగితే చాల్లే అనుకుంది. అలా ఆరేళ్ళపాటు గోదామును ఆమె నడుపుతుంటే, కంచుకంఠం నడుపుతున్నాడని కూలీలూ, కంచుకంఠానికి మేనేజర్ నేర్పుతున్నాడని ఆఫీసువాళ్ళూ, మొత్తం తన చలవేనని మేనేజరూ నమ్మారు. ఎవరి నమ్మకం వాళ్ళది. గదులు మాత్రం మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్నాయి.

“పని ఆపండి,” అంది ఆమె ఫోనులో.

“పని ఆపండి,” అని మోగింది కంచు. సంచులు దబదబా కింద పడ్డాయి.

“ఏదైనా గుడ్డ తడిపి ముక్కుకి కట్టుకోండి. గేటు మీద జెండా ఎటు ఎగురుతోందో చూసి, దానికి ఎదురుగా నడవండి. పరుగులొద్దు. మూడో నంబరు తలుపు జోలికి పోకండి. పెద్దక్కా, ఆ ట్రేలు వదిలెయ్, అవేం నీ కన్న పిల్లలు కాదు.”

అదీ అంత గంభీరంగానే వినిపించింది. హాల్లో అందరికంటే వయసులో పెద్దదైన పెద్దక్క ట్రేలు వదిలేసింది.

అందరూ కదిలారని కంచుకంఠం చెప్పాక, ఆపరేటరమ్మ ఫోను పెట్టేసి గోడకున్న మాస్కు అందుకుంది. మగవాళ్ళ దవడల కొలతలు తీసి చేసిన మాస్కు అది. ఆమె మొహానికి అన్నయ్య చొక్కా తొడుక్కున్నట్టు వేలాడింది. చిన్న సైజు కావాలని నాలుగుసార్లు చీటీ రాసిచ్చింది. ఆ చీటీలు మైకులో చదివేవి కాదు కాబట్టి వాటి సంగతి ఎవరికీ తెలియలేదు. చున్నీ తడిపి, మాస్కు మీంచి తల వెనక్కి లాగి ముడేసుకుని లోపలికి వెళ్ళింది. ప్రధాన వాల్వు చక్రాన్ని పదకొండు చుట్లు తిప్పింది. లెక్క ఎందుకంటే, లెక్కపెడుతుంటే భయం పక్కకి జరుగుతుంది. పదకొండో చుట్టుకి బుసకొట్టడం ఆగింది.

ఉదయం పదకొండూ పదికి మొదలైన గండం పదకొండున్నరకి గడిచింది. నలభై రెండు మందిలో నలభై ఒక్కరు దగ్గుకుంటూ తుమ్ముకుంటూ గేటు దాటారు. అందరికంటే వెనక వచ్చిన పెద్దక్క కళ్ళకి మాత్రం గ్యాసు కొట్టింది. ఆస్పత్రిలో రెండు కళ్ళకీ కట్టు కట్టారు. చూపు వస్తుందో రాదో వారం దాకా చెప్పలేమన్నారు.

మరి మేనేజర్ ఎక్కడున్నాడు? పై అంతస్తు మీటింగు హాల్లో, నాయకత్వ శిక్షణలో. బయటినుంచి ట్రైనర్ని పిలిపించారు. ఆఫీసులోని తొమ్మిది మంది మగవాళ్ళూ వరసగా కూర్చుని, ఆపదలో నాయకుడెలా నిలబడాలో నోట్సు రాసుకుంటున్నారు. ఆపరేటరమ్మను పిలవలేదు, మెషిన్ రూము వదిలి రాకూడదు కదా. ఘాటు ముక్కుకి తగలగానే తొమ్మిది మందీ, పాఠం చెప్పే ట్రైనరూ వెనక మెట్ల మీంచి దిగి, రోడ్డవతల మందుల షాపు అరుగు మీద నిలబడ్డారు. నిలబడటం వరకూ పాఠం బాగానే వంటబట్టింది.

పొగ తగ్గాక మేనేజర్ తిరిగొచ్చాడు. అదే సమయానికి పత్రికవాళ్ళు కూడా వచ్చారు.

*

మర్నాడు సాయంత్రం ఇంట్లో కూతురు పేపరు పరిచి గట్టిగా చదివింది. “మేనేజర్ చాకచక్యంతో నలభై రెండు ప్రాణాలు సురక్షితం. క్షణాల్లో నిర్ణయాలు తీసుకున్న ధీశాలి.” పక్కన ఫోటో. మేనేజర్ మాస్కు పెట్టుకుని, దూరంగా ఎక్కడికో చూస్తున్నాడు.

భర్త కుట్టుమిషను ఆపి, అద్దాలు సర్దుకుని చూశాడు. ఆయన దర్జీ, ఏ మొహం చూసినా ముందు కొలతలే కనిపిస్తాయి. “మాస్కు ఈయనకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కుడితే ఇలా కుట్టాలి.”

“ఇందులో నువ్వెక్కడే?” అంది అత్తగారు.

“ఆ మూల మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఉంది చూడండత్తయ్యా. అది నాదే. ఆయనకి దగ్గొచ్చిందని ఇచ్చా.”

“చెయ్యి బాగా పడింది,” అంది అత్తగారు.

ఆపరేటరమ్మకి నవ్వు రాలేదు. పేపరు వచ్చిన ఈ రోజు మధ్యాహ్నమే సంగతులు మారిపోయాయి. పెద్దక్క కళ్ళ విషయం పై దాకా వెళ్ళడంతో భద్రతా శాఖ అధికారి ఫైలు చంకన పెట్టుకుని దిగాడు. లీకు ఎలా జరిగిందన్నది ఆయనకి పెద్ద ప్రశ్న కాలేదు, అతుకు పాతబడి తెగింది. సైరన్ ఎందుకు కూయలేదన్నదే ప్రశ్న. పరికరం నిక్షేపంలా ఉంది. పదీ నలభైకే చిన్న లీకుని పసిగట్టి కూసింది కూడా. ప్యాకింగ్ హాల్లో విన్నారు. ఆ టైములో ఆపరేటరమ్మ డాబా మీద, గ్యాసును చల్లబరిచే నీళ్ళ ఫ్యాన్ల హోరులో ఉంది, వినపడలేదు. రెండు కూతలు కూశాక ఎవరో మైకు గదిలో తాళం తిప్పి దాని నోరు నొక్కారు. దిగొచ్చిన ఆపరేటరమ్మకి కనపడాల్సిన ఎర్ర దీపం కూడా దాంతోపాటే ఆరిపోయింది. ఆ రెండో కూత దగ్గరే ఆపకుండా ఉంటే, పెద్దక్క అరగంట ముందే బయట ఉండేది.

“ఆ రోజు ఇన్‌చార్జ్ ఎవరు?” అని అడిగాడు అధికారి.

అప్పుడు చూడాలి విడ్డూరం. నిన్న మేనేజర్ పక్కన నిలబడి ఫోటో దిగిన ఎనిమిది మందికీ ఒక్కసారిగా జ్ఞాపకశక్తి పొంగుకొచ్చింది. ఆపరేటరమ్మే సార్. అన్నీ ఆమే చూసుకుంటుంది సార్. ఆమె మాట లేనిదే ఇక్కడ చీమ కూడా కదలదు సార్. ఆరేళ్ళలో రాని పదోన్నతి ఆమెకి అరగంటలో వచ్చింది. ప్యాకింగ్ ఆడవాళ్ళ చేత కూడా, ఇన్‌చార్జ్ ఆమేనని ఒక కాగితం మీద వరసగా సంతకాలు పెట్టించారు. అబద్ధమేం కాదు కదా అని వాళ్ళూ పెట్టారు.

“మాకు మాత్రం గర్వం కాదా సార్,” అన్నాడు మేనేజర్, చేతులు కట్టుకుని. “ఆడవాళ్ళకి బాధ్యత ఇచ్చిన సంస్థ మాది. కాకపోతే ఇలాంటప్పుడే కొంచెం... కంగారు పడతారు.”

ఆఖరి దెబ్బ కంచుకంఠం వేశాడు. తాళం తిప్పింది తనేననీ, తిప్పమన్నది ఆపరేటరమ్మేననీ వాంగ్మూలం ఇచ్చాడు. ఆయన గదికి వచ్చే ఆదేశాలన్నీ ఆమెవేనని అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ తెలియనిది కాస్తా ఇప్పుడు తెలుసు.

రేపు మూడింటికి అధికారి మైకు గదిలో తాళం చూసి, నివేదిక మీద సంతకం చేస్తాడు. ఆమె ఆపరేటర్ లైసెన్సు రద్దవుతుంది. పదేళ్ళు చదివి, పరీక్షలు రాసి, మగ పరీక్షకుడు మూడుసార్లు తప్పించాక నాలుగోసారి సంపాదించిన కాగితం అది. అది పోతే ఏ మెషిన్ రూము గుమ్మమూ మళ్ళీ తొక్కనివ్వరు.

ఆమె గేటు దగ్గర కంచుకంఠాన్ని ఆపి అడిగింది. “నేనెప్పుడు చెప్పాను బాబాయ్?”

ఆయన చెప్పుల వంక చూశాడు. “నాలుగు నెలల్లో రిటైరవుతున్నానమ్మాయ్. తాళం తిప్పిన చెయ్యి నాది. పేరు చెబితే నా మీదకే తిప్పుతామన్నారు.”

“ఎవరన్నారు?”

“పైన పది మంది ఉన్నారు. ఎవరని చెప్పను?”

“చీటీ రాశావుగా. పుస్తకమేది?”

“నీళ్ళలో తడిసి పాడైందట. ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళి పారేశారు.” గోదామంతా దద్దరిల్లించే గొంతు ఆ మాట దగ్గర దారం అంత సన్నబడింది.

అదంతా ఇంట్లో చెప్పాక కుట్టుమిషను మళ్ళీ మోగలేదు. కూతురు పేపరు మడిచి పెట్టేసింది. అత్తగారు బకెట్లోంచి చున్నీ తీసి దులిపింది.

“రెండుసార్లు సబ్బు పెట్టాను, ఈ నీలం మరక పోలేదే. ఇంకు పడిందా?”

“ఇంకు కాదత్తయ్యా, కార్బన్. నిన్న పొద్దున పదింటికి బాబాయ్ పుస్తకంలోది అరిగిపోయిందంటే కొత్తది ఇచ్చొచ్చా. చెయ్యి చున్నీకి తుడుచుకున్నట్టున్నా.”

అని, అక్కడే ఆగిపోయింది. మరకని వేలితో తడిమింది.

“ఏమైందే?” అన్నాడు భర్త.

“ఏం లేదు,” అంది ఆపరేటరమ్మ. “రేపు ఆ మైకు గదికి నేనూ వెళ్తాను.”

*

మైకు గది నలుగురు పడితే ఊపిరాడనంత చిన్నది. కిటికీ, గోడకి సైరన్ తాళం, అద్దం పరిచిన బల్ల, బల్ల మీద మైకు. అధికారి కుర్చీలో కూర్చున్నాడు. మేనేజర్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. కంచుకంఠం సొంత గదిలో పరాయివాడిలా గోడకి అతుక్కున్నాడు.

“నీకేమైనా చెప్పేదుందామ్మా?” అన్నాడు అధికారి, పెన్ను మూత తీస్తూ. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎక్కువ చోటు వదలదలుచుకోలేదని పెన్నే చెబుతోంది.

“ఒక్క విన్నపం సార్. ఆ బల్ల అద్దం ఎత్తమనండి.”

“ఎందుకు?”

“బాబాయ్‌కి ఒక అలవాటుంది. కార్బన్ పుస్తకంలో వదిలేస్తే ముడుచుకుపోతుందని, ప్రతి చీటీ రాశాక తీసి అద్దం కింద చదునుగా పెడతాడు. పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. ఈ గదిలోకి వాళ్ళెప్పుడూ కబురు పంపించారే గానీ, కూర్చుని చూడలేదు.”

కంచుకంఠం కళ్ళు మూసుకున్నాడు.

మేనేజర్ నవ్వాడు, చీటీల రూలు పెట్టిన రోజు నవ్వినంత నిండుగా కాదు. “సార్, కార్బనంటే ఒకదాని మీద ఒకటి ఇరవై చీటీల గీతలుంటాయి. అందులో ఏం చదువుతారు? టైము వేస్టు. ఆపరేటరమ్మా, నువ్వు బయటికి వెళ్ళు.”

ఆమె బయటికి వెళ్ళలేదు. అద్దం అంచు పట్టుకుని తనే ఎత్తింది. క్యాలెండరు కాగితానికీ, ఎవరిదో పాత శుభలేఖకీ మధ్య నీలం కార్బన్ ఒకటి ఉంది.

“ఇరవై ఉండేవే సార్, పాతదైతే. దీన్ని నేను ఆ రోజు పదింటికి ఇచ్చాను. పదకొండూ పదికి గ్యాసు లీకైంది. ఆ మధ్యలో నేను చీటీ రాయలేదు, మైకులో ఇంకే కబురూ రాలేదని హాల్లో వాళ్ళు చెప్పారు. లీకైనప్పుడూ రాయలేదు. బాబాయ్ రూలు అన్నాడు, నేను తగలెయ్యమన్నాను. గోదామంతా విన్నారు కదా.”

అధికారి మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. “ఆ మాట నలభై రెండు మంది వాంగ్మూలాల్లోనూ ఉంది,” అని ఒప్పుకున్నాడు. పెన్ను మూత పెట్టాడు.

“అంటే దీని మీద ఉంటే ఒక్క చీటీయే ఉంటుంది. తాళం తిప్పమన్న చీటీ.” ఆమె కార్బన్‌ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. ఎండకి నీలం వెలిగింది. వెలుగులో సన్నటి తెల్ల గీతలు తేలాయి. మూడు వరసలు. పొందికైన, గుండ్రటి అక్షరాలు.

“ఇది ఎవరి చేతిరాత?” అన్నాడు అధికారి.

“నాదే సార్,” అన్నాడు కంచుకంఠం. గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది.

“నువ్వు చదువు బాబాయ్,” అంది ఆపరేటరమ్మ. “ఆరేళ్ళూ నేను రాసినవి చదివావు. ఇవాళ నువ్వు రాసింది చదువు.”

కంచుకంఠం బల్ల దగ్గరికి వచ్చాడు. మైకు ముందుకి వంగాడు. పెదాలు కదిలాయి. మేనేజర్ దగ్గాడు, చిన్నగా, ఒకే ఒక్కసారి. అంతే, కంచు మోగలేదు. ఆయన మైకు కాడని పట్టుకుని, నెమ్మదిగా ఆమె వైపు తిప్పాడు.

“నావల్ల కాదమ్మాయ్. నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధం సార్, ఆ ముక్క రాసుకోండి. చీటీ మాత్రం తనే చదవాలి.”

“మైకెందుకు సార్ ఇప్పుడు?” అన్నాడు మేనేజర్ తలుపు వదిలి ముందుకొస్తూ. “నలుగురం ఇక్కడే ఉన్నాంగా. పని పాడవుతుంది.”

“వాళ్ళ చేత నేనే ఇన్‌చార్జినని సంతకాలు పెట్టించారు కదండీ,” అంది ఆమె. “ఇన్‌చార్జి చెప్పేది వాళ్ళు వినొద్దా? అయినా మీకు భయమెందుకు, మైకులో నా మాట చెల్లదని రూలు పెట్టింది మీరేగా.”

అధికారి చెయ్యెత్తి మేనేజర్ని ఆపాడు. “చదవమ్మా.”

ఆపరేటరమ్మ మీట నొక్కింది. ఆరేళ్ళ తర్వాత ఆ మీట మీద ఆమె వేలు పడింది. గొంతు సవరించుకుంటే ఆ సవరింపు కూడా గోదామంతా పాకింది. ప్యాకింగ్ హాలు కిటికీల దగ్గర తలలు లేచాయి. లోడింగ్ బండి చప్పుడు ఆగింది.

“అందరూ వినండి. నేను ఆపరేటర్ని. క్యాంటీను కాదు. టీ గురించీ కాదు.”

కిటికీల్లోంచి ఎవరో నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది.

“సైరన్ ఎవరు ఆపించారో రాసున్న చీటీ దొరికింది. అది ఆగకుండా ఉంటే పెద్దక్క కళ్ళకి ఇవాళ కట్టు ఉండేది కాదు. చదువుతున్నాను. టైము, పదీ నలభై రెండు. విషయం, నాయకత్వ శిక్షణకి ఇబ్బందిగా ఉంది, క్లాసు అయ్యేదాకా సైరన్ తాళం తిప్పి ఆపేయండి. ఈ విషయం ఆపరేటర్‌కి చెప్పక్కర్లేదు, అనవసరంగా గొడవ చేస్తుంది.”

ఇంకొక్క వరసే మిగిలింది. ఆ వరసకి ఆమె గొంతు పెంచలేదు, పెంచాల్సిన పని లేకపోయింది. గోదామంతా ఊపిరి బిగబట్టి వింటోంది.

“చెప్పినవారు, మన మేనేజర్ గారు.”